దంపతులకు ఒకే షిఫ్టు

అక్కకి నమస్కారాలు.

నువ్వక్కడ క్షేమమని తలుస్తాను. ఇక్కడ ఒంట్లో అందరం క్షేమమే. ఇంట్లో మాత్రం ఒక ద్రోహం జరిగింది. చేసినవాళ్లు అమ్మా, నాన్నా. ఇద్దరూ కలిసి, నాకొక్క మాటైనా చెప్పకుండా, ఒక కాగితం మీద రెండు సంతకాలు పెట్టి, నలుగురిలో నన్ను నిలువునా ముంచారు. పందొమ్మిదేళ్లుగా ఒకరు వస్తుంటే ఒకరు వెళ్లే మనుషులు, నన్ను ముంచడానికి మాత్రం ఒకే పూట తీరిక చేసుకున్నారు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. పోయినసారి ఫోనులో నేను అరిచిన అరుపుకి "టపాకాయా, నీలో మందు అయిపోయాక చెయ్యి" అని పెట్టేశావు. కాగితం మీదైతే కోపం వచ్చినచోట కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. ఇది నాలుగో కాగితం. మొదటి మూడింటిలో నాన్నని అన్న మాటలు నువ్వు చదవకపోవడమే మంచిది.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. అమ్మ మోకాలు కాస్త నయం. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది, చూస్తే మాత్రం వదిలేస్తోంది. వంటింటి గోడకి తేమ మళ్లీ వచ్చింది. ఈసారి అది మేక ఆకారంలో ఉందని నాన్న అంటాడు, నాకు మా మేనేజరులా కనిపిస్తోంది. నేను వేళకి తింటున్నాను. ప్యాకింగులో పని మామూలే. సీసాలకి గడ్డి చుట్టి, పెట్టెల్లో సర్ది, మూతలకి మేకులు కొట్టడం. ఈమధ్య మేకులు కొంచెం గట్టిగా కొడుతున్నానని మేస్త్రి గొణుగుతున్నాడు.

ఇక నీ అసలు ప్రశ్న. మీ ఆసుపత్రిలో లిఫ్టులు బిగించడానికి వచ్చిన ఆయన నిన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. నెలకి ఇరవై రోజులు ఏదో ఒక ఊళ్లో ఎవరిదో మేడకి లిఫ్టు బిగిస్తూ ఉంటాడు, పదిరోజులే ఇంట్లో ఉంటాడు. నెలాఖరుకి ఆయనకి జవాబు చెప్పాలి. "అమ్మ ఫోనులో తిన్నావా, పడుకున్నావా తప్ప ఇంకో మాట మాట్లాడదు. ఎదురుగా ఉన్నవాడివి, నువ్వడుగు. అలాంటి పెళ్లి పెళ్లేనా అని నా మాటల్లోనే అడుగు, నీ మాటల్లో కాదు" అని రాశావు. అమ్మ వద్దంది అని నేను జవాబు రాశాను. మొన్న బుధవారం వచ్చిన ఉత్తరంలో నువ్వు మళ్లీ అడిగావు: "అమ్మ ఏ మాటల్లో వద్దంది? అప్పుడు చేతిలో ఏ పని ఉంది? నా మొహం చూసి చెప్పినట్టు రాయి." దానికీ జవాబుంది అక్కా. రాస్తాను. దానికి ముందు ఈ ద్రోహం సంగతి తెలియకపోతే ఆ జవాబు నీకు అర్థం కాదు.

మా యూనియన్ రీడింగ్ రూము బల్ల మీద కరపత్రాల కట్ట ఉంటుందని ఇదివరకే రాశాను. ఆరేళ్లుగా అవే నా కాలేజీ. మన సీసాల ఫ్యాక్టరీలో మొగుడూ పెళ్లాం ఇద్దరూ పనిచేసే జంటలు ముప్పై నాలుగు. అందులో ముప్పై ఒక్క జంటకి షిఫ్టులు వేర్వేరు. గాజు కరిగించే ఫర్నేసు ఆరకూడదు కాబట్టి మనుషులు మారుతూ ఉండాలి, నిజమే. కానీ ఎవరు ఎప్పుడు రావాలో ఫర్నేసు చెప్పదు, ఆఫీసు గదిలో కూర్చున్నవాడు చెబుతాడు. ఇది ఆలోచించిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కూర్చుని నా మొదటి కరపత్రం రాశాను. పేరు 'దంపతులకు ఒకే షిఫ్టు'.

నీకూ ఒక ప్రతి పంపాను, అయినా అందులో నాకు బాగా నచ్చిన చోటు మళ్లీ రాస్తున్నాను, నవ్వకు. "పూర్వం పెళ్లికి పొలం కారణం, వంశం కారణం, వంట కారణం. ఈనాటి సమాజంలో ఎవరి సంపాదన వాళ్లది, ఎవరి వంట వాళ్లు చేసుకోగలరు. ఇంకా మనుషులు పెళ్లి ఎందుకు చేసుకుంటున్నారు? ఒకరి పొద్దులో ఒకరు ఉండటానికి. ఆ పొద్దునే ఫ్యాక్టరీ లాగేసుకుంటే మిగిలేది పెళ్లి కాదు, ఇద్దరికి ఒకే ఇంటి చిరునామా." ఇది చదివి మాటవరసకైనా కాదనగలిగినవాడు ఎవడున్నాడు? గ్రీజు అన్న రెండుసార్లు చదివాడు. గ్రీజు అన్న అంటే యంత్రాలకి గ్రీజు పెట్టే మనిషి. ఆయన భార్యది రాత్రి షిఫ్టు, ఆయనది ఉదయం షిఫ్టు, దాని మీద రాత్రిదాకా ఓవర్‌టైము. వాళ్లకి ఆరునెలల పాప. ఆమె బయటికి వస్తూ, ఆయన లోపలికి వెళ్తూ, గేటు దగ్గర ఆయన చెల్లెలి చేతిలో పాపని ఇద్దరూ కలిసి చూసుకుంటారు, అంతే. "మొన్న పాప నన్ను చూసి ఏడ్చింది తమ్ముడూ. ఎవరో గేటు మనిషి అనుకుంది" అన్నాడు.

అదే కోరికతో మేనేజ్‌మెంటుకి అర్జీ రాస్తే రెండువందల పన్నెండు సంతకాలు వచ్చాయి. అర్జీలో పైన మొదటి రెండు గళ్లు ఖాళీగా ఉంచాను, అమ్మకీ నాన్నకీ. అమ్మ ఉదయం ఆరింటి షిఫ్టు, నాన్న మధ్యాహ్నం రెండింటి షిఫ్టు, వారపు సెలవు అమ్మకి ఆదివారం, నాన్నకి మంగళవారం. ఒక కంచం ముందు ఇద్దరినీ నేను చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన ఇల్లే నా ఉద్యమానికి పునాది. అర్జీ తీసుకెళ్లి అమ్మ ముందు పెడితే "చెయ్యి తడిగా ఉందిరా" అంది. నాన్న ముందు పెడితే "కళ్లజోడు ఎక్కడో పెట్టాను" అన్నాడు. జోడు నెత్తి మీదే ఉంది. సిగ్గుపడుతున్నారనుకున్నాను. పెద్దవాళ్లు, కలిసి ఉండాలని ఉంది అని రాసి సంతకం పెట్టడానికి మొహమాటపడరా మరి?

పోయిన గురువారం పదకొండింటికి మమ్మల్ని ఆఫీసులోకి పిలిచారు. నేను, గ్రీజు అన్న, యూనియన్ కార్యదర్శి. ఎదురుగా మెల్లిగా సార్. ఎవరేం అన్నా "మెల్లిగా, మెల్లిగా" అంటాడు కాబట్టి సూపరింటెండెంటుకి ఆ పేరు వచ్చింది. నేను నిలబడి మాట్లాడాను. బాగా మాట్లాడాను అక్కా, ఇందులో అబద్ధం లేదు. ఆయన అంతా విన్నాడు. సొరుగు లాగి ఒక కాగితం తీసి, వేలితో నా వైపు తోశాడు.

"మీ ఇంట్లో ముందు తేల్చుకుని రా బాబూ. మెల్లిగానే రా, మాకేం తొందర లేదు."

కాగితం మీద ఒక వాక్యం నాన్న రాతలో ఉంది, దాని కింది వాక్యం అమ్మ రాతలో, అలా మార్చి మార్చి నాలుగు.

"మేమిద్దరం పందొమ్మిదేళ్లుగా వేర్వేరు షిఫ్టుల్లో ఉన్నాం."

"అవి మేం అడిగి తీసుకున్నవి."

"మా అబ్బాయి రాసినదానిలో మా గురించి ఉన్నది సరికాదు."

"మమ్మల్ని ఒకే షిఫ్టులో వేయవద్దని మనవి."

కింద రెండు సంతకాలు. నా అర్జీలో గళ్లు ఖాళీ, ఈ కాగితం మీద మాత్రం చెయ్యి తడీ లేదు, కళ్లజోడూ పోలేదు.

కార్యదర్శి గొంతు సవరించుకుని లేచాడు. మా కోరిక ఇంకోసారి పరిశీలిస్తామన్నారు, అంటే చెత్తబుట్టలో వేస్తామని. బయట వరండాలో గ్రీజు అన్న చేతులు గుడ్డకి తుడుచుకుంటూ యంత్రాల వైపు వెళ్లిపోయాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మధ్యాహ్నానికి ప్యాకింగు షెడ్డంతా ఒకటే మాట: "టపాకాయ తుస్సుమంది."

పని వదిలేసి ఇంటికి వచ్చాను. రెండుంబావుకి అమ్మ వచ్చింది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, బఠాణీలు ముందు పెట్టుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఏమీ జరగనట్టు.

"ఎందుకు చేశారమ్మా?" అన్నాను.

"ముందు కూర్చో. మీద నిలబడితే నాకు మేస్త్రి గుర్తొస్తాడు."

"కూర్చోను. మీరే అడిగి తీసుకున్నారా వేర్వేరు షిఫ్టులు?"

"అప్పటికి నీకు మూడేళ్లు. నీకేం గుర్తుంటుంది?" ఒక కాయ చీల్చి గింజలు గిన్నెలో రాల్చింది. "అంతకుముందు ఒకే షిఫ్టు. తొమ్మిదేళ్లు. కలిసి వెళ్లేవాళ్లం, కలిసి వచ్చేవాళ్లం, కలిసి తినేవాళ్లం. నీ కరపత్రంలో రాసినట్టే. మీ నాన్న ఒక మాట అంటే నేను రెండు, నేను రెండంటే ఆయన కంచం విసిరేవాడు. అన్నం మెతుకులు ఆ గోడకి అంటుకుపోయి ఉండేవి. ఇప్పుడు మేకో ఏదో కనిపిస్తోందంటాడే, ఆ గోడకే. ఆ తర్వాత పదిహేను రోజులు మాటల్లేవు. మీ అక్క మా ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది. నాన్నా, అమ్మ ఉప్పు తెమ్మంది. అమ్మా, నాన్న తేనన్నాడు."

అక్కా, నాకు తెలియదు. దేవుడున్నా లేకపోయినా ప్రమాణం చేసి చెబుతున్నాను, నాకు తెలియదు.

"ఒకసారి సీసాలు పోసే అచ్చు యంత్రం ఏదో పాడై ఆయన్ని ఒక నెల రెండో షిఫ్టుకి మార్చారు" అంది అమ్మ. "ఇంట్లో ప్రశాంతంగా ఉంది. కానీ ఒకరికొకరం కబురు చెప్పుకోవాలిగా. మీ అక్క తన పలక తెచ్చి వంటింటి తలుపుకి మేకు కొట్టి వేలాడదీసింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఇక నేను మొయ్యను, దీని మీద రాసుకోండి అంది."

ఆ మాట విన్నాక కూర్చున్నాను. నేను పుట్టినప్పటి నుంచీ ఆ పలక అక్కడే ఉన్నట్టు, తలుపు గడియలాగా అదీ ఇంటితోపాటే వచ్చినట్టు అనుకున్నాను. మూల విరిగిన పలక, దారానికి కట్టిన సుద్దముక్క. రాసింది చదివినవాళ్లు తుడిచి, తమ మాట రాయాలి. తుడిచి ఉందంటే చదివారని అర్థం. ఈ నియమం నువ్వు పెట్టిందేనని ఇప్పుడు తెలిసింది. నీకు అంతా తెలుసు. ఇన్నేళ్లు తెలుసు. వాళ్లిద్దరూ ఫ్యాక్టరీ విడదీసిన జంట అని నేను నీకు పేజీలకి పేజీలు రాస్తుంటే, "బాగా రాశావు తమ్ముడూ" అని జవాబిచ్చావు. ద్రోహం చేసినవాళ్లు ఇద్దరే అని పైన రాశాను. మూడో పేరు ఇక్కడ చేర్చుకో.

"నెల అయ్యాక?" అన్నాను.

"నెల అయ్యాక ఆయనే వెళ్లి, నన్ను అక్కడే ఉంచండి అన్నాడు. నాతో చెప్పలేదు. పలక మీద రాశాడు: నేను రెండో షిఫ్టులోనే ఉంటాను, నీకు సమ్మతమేనా అని. అప్పటిదాకా మీ నాన్న నన్ను ఏ విషయంలోనూ సమ్మతమేనా అని అడగలేదురా. పెళ్లినాడు కూడా."

"మరి ఇది సంసారమా అమ్మా? సుద్దముక్కతోనా?"

అమ్మ చేసేది సీసాలు చూసే పని అని నీకు తెలుసుగా. వెలుగుతున్న తెర ముందు ఒక్కొక్క సీసా తిప్పి చూసి, లోపముంటే పక్కన పెట్టడం. గిన్నెలోంచి ఒక బఠాణీ గింజ తీసి కిటికీ వెలుగులో అలాగే తిప్పి చూసింది.

"తెర ముందు పెడితే బుడగ లేని సీసా ఉండదు. కొత్తగా వచ్చిన పిల్లలు బుడగ కనబడితే చాలు పక్కన పడేస్తారు. చూడాల్సింది బుడగ ఉందా అని కాదు, అది ఎక్కడుందీ అని. మెడ దగ్గరుంటే పగులుతుంది. పొట్టలో ఉంటే ఏళ్లు నిలుస్తుంది. మా బుడగ మెడ దగ్గర నుంచి పొట్టలోకి జరిగింది. నువ్వు దాన్ని తీసుకెళ్లి మళ్లీ మెడ దగ్గర పెట్టావు."

నాకు అర్థమైంది. అర్థమయ్యేసరికి ఇంకా కోపం వచ్చింది. "నాకు ముందే చెప్పాల్సింది" అని అరిచాను.

"నువ్వడిగావా?" అంది. అరవలేదు. మామూలుగా అంది.

మర్నాడు సెలవు పెట్టి నాన్న కోసం కూర్చున్నాను. పదకొండింటికి పెరట్లో అద్దం గోడకి ఆనించి గడ్డం గీసుకుంటున్నాడు. గడ్డం గీసుకుంటున్న మనిషి మీద అరవడం కష్టమని తెలిసే ఆ వేళ ఎంచుకున్నాడేమో.

"నా పరువు తీశావు నాన్నా."

"మెడ కింద గీసేటప్పుడు మాట్లాడించకు."

ఆగాను. చెంబులో కత్తి కడిగి, విదిలించి, నా వైపు చూడకుండా అద్దంలో నన్ను చూస్తూ చెప్పాడు:

"నా నోరు మంచిది కాదురా. మా నాన్న నోరూ అంతే, నీదీ అంతే. లోపల ఒకటి ఉంటుంది, బయటికి ఇంకొకటి వస్తుంది. పలక మీద రాయాలంటే ముందు తను రాసింది చదవాలి. తర్వాత తుడవాలి. తుడిచేసరికి సగం కోపం గుడ్డకి అంటుకుపోతుంది. మిగిలిన సగానికి పలకలో చోటు చాలదు. అట్లా బతికాం."

"బతికారు సరే. గ్రీజు అన్న పలక అడగలేదు. ఆయన కూతురు ఆయన్ని చూసి ఏడుస్తోంది. మీ కాగితం వల్ల వాళ్ల నోట్లో మన్ను పడింది. మీ గుట్టు కాపాడుకోవడానికి ముప్పై జంటలని బలిపెడతారా?"

నాన్న మొహం తుడుచుకున్నాడు. సబ్బు నురుగు చెవి దగ్గర మిగిలిపోయింది. చెప్పబుద్ధి కాలేదు.

"అది తప్పే" అన్నాడు. "అంత దూరం పోతుందనుకోలేదు. మా ఇద్దరినీ ఆ లెక్కలోంచి తీసెయ్యమని అడగడానికి పోయాం. కాగితం రాసివ్వమన్నాడు, రాసిచ్చాం. కానీ ఒకటి చెబుతాను విను. ఇన్నేళ్లలో మీ అమ్మకి రాసిన ప్రతి ముక్కా తుడిచేశాం. ఒక్కటి మిగల్లేదు. నువ్వు అచ్చువేశావు. అచ్చువేసింది ఏ గుడ్డతో తుడవనురా?"

ఇక్కడ నేను నీకు ఒక విషయం చెప్పాలి. నీకు పంపిన కరపత్రం ప్రతిలో చివరి పుట లేదు. కావాలనే చింపి పంపాను. ఆ పుట పేరు 'ఒక పలక మీది కాపురం'. ఏడాదిగా పలక మీద కనిపించినవన్నీ నా నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాను. అందులోంచి పదకొండు మాటలు అచ్చువేశాను, ఫ్యాక్టరీ ఒక జంటని ఏ గతి పట్టించిందో చూడండి అని. "మోకాలికి నూనె రాసుకో. రాసుకున్నానని అబద్ధం రాయకు." "రాసుకున్నాను. అబద్ధం సగమే." "చొక్కా గుండీ ఊడితే కుట్టాను. రంగు వేరు. ఎవరూ చూడరు." "అందరూ చూశారు. బాగుందన్నారు." ఇలాంటివి. పేర్లు వెయ్యలేదు, కానీ పెద్ద గేటు దాటిన ప్రతివాడికీ తెలుసు ఎవరిదో. నేను ఏడుస్తారని వేశాను. వాళ్లు నవ్వారు. అమ్మ పక్కన నిలబడి సీసాలు చూసే కళ్లజోడు పిన్ని నన్ను ఆపి చెప్పింది: "మీ అమ్మ లోపలికి రాగానే ఒకత్తి మోకాలికి నూనె రాసుకున్నావా అంటుంది, ఇంకొకత్తి అబద్ధం సగమే అంటుంది. నాలుగు రోజులు నవ్వుతూనే ఉంది. ఐదో రోజు సీసా వదిలేసింది. ఇరవై ఏళ్లలో ఆవిడ చేతిలోంచి సీసా జారడం నేను చూళ్లేదు నాయనా."

ఇంకా ఉంది. అమ్మ విభాగం ఒకటీ ముప్పావుకి దిగుతుంది. నాన్న వాళ్లు రెండింటికి ఎక్కుతారు. ఆ పదిహేను నిమిషాలు వాళ్లిద్దరూ పెద్ద గేటు లోపల, సైకిల్ స్టాండు పక్కనున్న ఇనుప బెంచీ మీద కూర్చుంటారట, రోజూ. ఏం మాట్లాడుకుంటారని పిన్నిని అడిగాను. "ఏం మాట్లాడుకోరు. మీ నాన్న డబ్బాలోది మీ అమ్మ ఓ ముద్ద తింటుంది, మీ అమ్మ డబ్బాలో మిగిలింది ఆయన తింటాడు. ఇంటికెళ్లి పలక మీద రాసుకుంటారు కాబోలు" అంది. నేను ఆరేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో ఉన్నాను అక్కా. ఒకటీ ముప్పావుకి నేను ప్యాకింగు షెడ్డులో మేకులు కొడుతూ, దంపతులు ఒకరి పొద్దులో ఒకరు ఉండాలి అని మనసులో వాక్యాలు కూర్చుకుంటూ ఉన్నాను.

ఇప్పుడా బెంచీ ఖాళీ. అమ్మ వెనక చిన్న గేటులోంచి వచ్చేస్తోంది, మోకాలు నొప్పితో ఆ చుట్టంతా తిరిగి. నాన్న సరిగ్గా రెండింటికి వెళ్తున్నాడు. పలక మీద తొమ్మిది రోజులుగా వాళ్ల రాత లేదు. వాళ్లు పోట్లాడుకోవడం లేదు. రాసుకోవడం లేదు, అంతే. ఆదివారం నాన్న పనికి వెళ్లబోతూ అమ్మతో "గొడుగు ఎక్కడుంది" అని నోటితో అడిగాడు. అమ్మ "నాకేం తెలుసు" అంది. ఆయన మెడ నరం పొంగడం నేను చూశాను. నాకు మూడేళ్లప్పుడు చూసి ఉంటాను దాన్ని. గుర్తు లేదు, కానీ నా ఒంటికి గుర్తుంది. నేనే గబగబా వెతికి ఇచ్చాను. నువ్వు తొమ్మిదేళ్లప్పుడు చేసిన ఉద్యోగం ఇప్పుడు నాకు వచ్చింది.

అయినా నా కోపం పోలేదు, పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. వాళ్ల పెళ్లి వాళ్లకి ఎలా నిలబడిందో చెప్పే హక్కు వాళ్లది, ఒప్పుకుంటాను. కానీ నన్ను పిలిచి, ఒరే వెర్రివాడా, ఇదీ సంగతి అని పది నిమిషాలు చెప్పి ఉంటే ఆఫీసు గదిలో ఆ కాగితం ఉండేది కాదు. మెల్లిగా సార్‌ని నమ్మారు, నన్ను నమ్మలేదు. నువ్వూ నమ్మలేదు. చిన్నవాడినని నాకేమీ చెప్పకుండా పెంచారు, నేను అల్లుకున్న కథనే నిజమనుకుని జెండా కట్టాను. అలా కట్టుకున్నవాడిని చూసి మీరు ముగ్గురూ మూడు చోట్ల మౌనంగా కూర్చున్నారు. ఇది నాకు ఎప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇక నీ ప్రశ్న.

అమ్మ వద్దన్నప్పుడు చేతిలో ఏ పని ఉందని అడిగావు. ఏమీ లేదక్కా. అమ్మ అక్కడ లేనే లేదు. నేనసలు అడగలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజే కరపత్రం అచ్చుకి ఇచ్చాను. అమ్మని అడగడం ఎందుకు, పందొమ్మిదేళ్లుగా ఆమె బతుకే జవాబు చెబుతోంది కదా అనుకున్నాను. "అమ్మ వద్దంది" అని రెండు మాటలు రాసి, కవరు అంటించి, పోస్టులో వేసి, విజిల్ వేసుకుంటూ ఇంటికి వచ్చాను. నీ పెళ్లి ఆపినందుకు కాదు, నా సిద్ధాంతం ఇంటి నుంచే రుజువైందని ఆ విజిల్.

ఇప్పుడు తెలుస్తోంది నువ్వు ఏం అడిగావో. నువ్వు లిఫ్టులాయన గురించి అడగలేదు. నీ పలక మీద వాళ్లు గడిపిన ఏళ్లు అమ్మకి చాలాయా, చాలలేదా అని అడిగావు. నేను అమ్మ నోటితో చాలలేదని చెప్పాను. ఆ ఉత్తరం చదివి నువ్వు ఏమైపోయావో నాకు తెలియదు. రెండోసారి అడిగావంటే నమ్మబుద్ధి కాలేదన్నమాట. నువ్వు నమ్మకపోవడం ఒక్కటే ఇందులో నాకు మిగిలిన అదృష్టం.

నిజమైన జవాబు నేను ఇప్పుడు అడిగి రాయొచ్చు. రాయను. అమ్మ ఏం చెప్పినా అది నా రాతలో నా మాట అయిపోతుంది. నువ్వే వచ్చి అడగాలి, ఆమె చేతిలో ఏముందో చూస్తూ. అప్పటిదాకా ఆయనకి అవుననీ చెప్పకు, కాదనీ చెప్పకు.

రెండు పనులు చేశాను. కొత్త అర్జీ రాశాను, సగం పేజీ. "కోరిన దంపతులకు ఒకే షిఫ్టు ఇవ్వాలి. కోరనివారి జోలికి పోకూడదు." ఈసారి ఎవరి కథా లేదు అందులో. మొదటి సంతకం గ్రీజు అన్నది, రెండోది వాళ్లావిడది. రాత్రి షిఫ్టు దిగి వస్తూ పాపని ఒక చేత్తో ఎత్తుకుని రెండో చేత్తో పెట్టింది. మొదటి అర్జీ మీద సంతకం పెట్టిన అందరినీ శనివారం షిఫ్టు మారే వేళకి పెద్ద గేటు దగ్గరికి రమ్మని నోటీసు అంటించాను. అక్కడ నిలబడి కొత్త అర్జీ చదువుతాను. ఆ పలక మాటలు నావి కావనీ, వాటిని అచ్చువేసే హక్కు నాకెవరూ ఇవ్వలేదనీ, నా నోటితో నేను చెబుతాను. మిగిలిన కరపత్రాల కట్ట గ్రీజు అన్న యంత్రాలు తుడుచుకోవడానికి తీసుకెళ్లాడు. నా నోటు పుస్తకంలోంచి పలక మాటలున్న పేజీలు చింపి అమ్మ దిండు కింద పెట్టాను. ఒక్కటి మాత్రం ఉంచుకున్నాను, అచ్చులో వెయ్యనిది. నాన్న రాసింది: "పిల్లాడు ఏవో చదువుతున్నాడు. భయంగా ఉంది." దాన్ని తుడిచి అమ్మ రాసింది: "చదవనివ్వండి. మనం చదవలేదుగా."

రెండో పని. నిన్న పొద్దుపోయే ముందు పలక మీద నేను రాశాను, జీవితంలో మొదటిసారి. "శనివారం ఒకటీ ముప్పావు. పెద్ద గేటు, బెంచీ దగ్గర. మీరిద్దరూ రావాలి. అక్క వస్తోంది." రాసి నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చాను. చివరి మాట తుడిచి, "అక్కని రమ్మని అడుగుతున్నాను" అని దిద్దాను. నీ తరఫున ఇంకోసారి జవాబు చెప్పబోయాను, చూశావా. ఆ జబ్బు ఒక్క రోజులో పోయేది కాదు.

ఈరోజు సాయంత్రం అయిదింటికి పని నుంచి వచ్చేసరికి పలక ఖాళీగా ఉంది. తడిగుడ్డతో తుడిచారు, అంచుల్లో సుద్ద నీళ్లు చారలు కట్టి ఉన్నాయి. నాన్న వెళ్లేముందు తుడిచాడో, అమ్మ వచ్చాక తుడిచిందో తెలియదు. అమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది, నేను అడగలేదు. జవాబు రాయలేదు ఎవరూ. కానీ చదివారు. చదివినవాళ్లే తుడుస్తారు కదా, నువ్వు పెట్టిన నియమమే.

శనివారం, మధ్యాహ్నం ఒకటీ ముప్పావు, పెద్ద గేటు, సైకిల్ స్టాండు పక్కన ఇనుప బెంచీ. లిఫ్టులాయనకి ఆ రోజు తీరికైతే ఆయన్నీ తీసుకురా. పదిహేను నిమిషాలే ఉంటుంది, రెండింటికి నాన్న లోపలికి వెళ్లాలి. ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
నిన్ను అడుగుతున్న నీ తమ్ముడు,
టపాకాయ